హీరో గారు చెప్పిన రెండు ముక్కలు

మొదటిసారి కోడిగుడ్డు వచ్చి ఎడమ భుజం మీద పగిలింది.

న్యూజెర్సీలో ఫెర్న్‌బ్రుక్ అనే చిన్న టౌన్‌షిప్‌లో, మందుల ప్యాకింగ్ ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడి ఉంది రాధారాణి. సాయంత్రం డ్యూటీ దిగింది. ఒంటి మీద వాయిలు చీర, నుదుట బొట్టు, చేతిలో ఖాళీ లంచ్‌బాక్సు. కారొకటి నెమ్మదిగా వచ్చి పక్కన ఆగింది. లోపల నలుగురు కుర్రాళ్ళు. దారి అడుగుతారేమోనని ఆవిడ ఒకడుగు ముందుకి కూడా వేసింది. గుడ్డు పగిలింది. "డాట్‌హెడ్!" అని అరిచారు. బొట్టు పెట్టుకునే మనవాళ్ళని తిట్టడానికి ఆ కుర్రాళ్ళు నేర్చుకున్న మాట అది. నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

రాధారాణి ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. టిష్యూ తీసి తుడుచుకుంది. తడిసిన వైపు లోపలికి వచ్చేలా పైట మడత మార్చుకుని బస్సెక్కింది. ఇంటికొచ్చాక భర్త నరసింహ "అదేంటి ఆ మరక?" అనడిగితే "క్యాంటీన్లో మజ్జిగ ఒలికింది" అని చెప్పింది.

ఆ తర్వాత సోడా డబ్బాలు పడ్డాయి. ఎంగిలి ఐస్‌ముక్కలు పడ్డాయి. ఒకరోజు బస్సులో పక్క సీటు పెద్దమనిషి ఆవిడని పైనుంచి కిందదాకా చూసి లేచి వెళ్ళి వెనకాల నిలబడ్డాడు. అన్నీ భరించింది. నోరు విప్పితే నరసింహ ఉద్యోగం మానెయ్యమంటాడని భయం. వాళ్ళకున్నది ఒక్క కారు. అది తీసుకుని అతను పిస్కాటవే అవతల మెషీన్ షాపుకి డ్రాఫ్టింగ్ పనికి వెళ్తాడు. అమెరికా వచ్చాక రాధారాణికి తనదంటూ ఏర్పడ్డది ఆ ప్యాకింగ్ లైనూ, అక్కడి స్నేహాలే. వాటిని వదులుకోవడంకన్నా మరకలు ఉతుక్కోవడమే నయమనిపించింది.

ఇది పంతొమ్మిది వందల ఎనభై ఏడు. జెర్సీ సిటీ వైపు మనవాళ్ళని కొడుతున్నారని పేపర్లలో వస్తూనే ఉంది. మనవాళ్ళు ఆ పేజీ తిప్పేసి బేస్‌మెంట్లో క్యాసెట్లు పెట్టుకుని సినిమాలు చూస్తూనే ఉన్నారు.

ఈ వసంతకాలంలో ఒకనాడు కారు ఇంకాస్త దగ్గరగా వచ్చింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి పైట పట్టుకుంది. కారు కదిలింది. రాధారాణి నాలుగడుగులు పరిగెత్తి, పిన్ను ఊడి, రోడ్డు మీద బోర్లా పడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. దాన్ని మజ్జిగ మరకని చెప్పడానికి కుదరలేదు.

పోలీసు ఆఫీసరు వచ్చి రాసుకున్నాడు. "కిడ్స్" అన్నాడు, భుజాలెగరేశాడు, వెళ్ళాడు.

ఆవిడని కదిలించింది గ్లాడిస్. ప్యాకింగ్ లైన్లో ఎదురుగా కూర్చుని సీసాలకి మూతలు బిగించే నల్లజాతి ఆవిడ. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. చేతికి కట్టుతో రాధారాణి మళ్ళీ డ్యూటీకి వచ్చిన రోజున చూసి, "ఏడ్చావా?" అనడిగింది.

"ఏడ్చాను."

"సరే, అదయింది కదా. ఇంక టౌన్‌షిప్ కౌన్సిల్‌కి వెళ్దాం పద."

వెళ్ళారు. అడిగింది పెద్ద కోరికేం కాదు. డ్యూటీ వదిలే వేళకి ఆ బస్టాపు దగ్గర ఒక పోలీసు కారు నిలబెట్టమన్నారు, అంతే. కౌన్సిల్ వాళ్ళు మర్యాదగానే విన్నారు. సెప్టెంబరు మీటింగులో ఓటుకి పెడతామన్నారు. "మీ ఇండియన్ సంఘం తరఫున ఎవరైనా వచ్చి మాట్లాడితే మంచిది" అని కూడా అన్నారు.

మన తెలుగు సంఘం ఉంది కదా! రాధారాణి అధ్యక్షుడు డాక్టర్ వాసుదేవరావు గారికి ఫోన్ చేసింది.

"అయ్యో, చెయ్యి ఎలా ఉందమ్మా?" అన్నాడాయన. పాపం, ఆ మాట బాగానే అడిగాడు. "కాల్షియం వేసుకో. కౌన్సిలూ అదీ మాత్రం నన్నడక్కమ్మా. మనది కల్చరల్ ఆర్గనైజేషన్. పాలిటిక్స్‌లోకి దిగితే మెంబర్స్ హర్ట్ అవుతారు."

"బస్టాపులో నిలబడటం పాలిటిక్సా డాక్టరు గారూ?"

"అలా కాదమ్మా. అయినా ఇప్పుడు హీరో గారి ప్రోగ్రాంతో ఊపిరాడటం లేదు. నువ్వు గోంగూర చేస్తున్నావుగా? మర్చిపోకేం!"

హీరో రాజభూషణ్ వస్తున్నాడు! న్యూజెర్సీలోని తెలుగువాళ్ళందరికీ ఈ ఎండాకాలమంతా అదే జపం. అక్కడ మన దేశంలో సినిమావాళ్ళు రాజకీయాల్లోకి దూకుతున్న రోజులివి. రాజభూషణ్ కూడా నేడో రేపో పార్టీ పెడతాడని పుకారు. ఆయన ఏ సభకి వెళ్ళినా పాటల మధ్య దేశాన్ని బాగుచెయ్యడం గురించి ఓ ఉపన్యాసం తప్పనిసరి.

నిజం చెప్పాలి. రాధారాణి కూడా ఆయన అభిమానే. శనివారం మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద పడేసి ఆయన క్యాసెట్టు పెట్టుకోకపోతే ఆవిడకి వారం గడిచినట్టుండేది కాదు. ప్రతి సినిమాలోనూ ఒక ఆడపిల్ల పైట ఎవడో ఒకడు లాగుతాడు. అప్పుడు ఆయన వస్తాడు. ఆ చెయ్యి విరుస్తాడు. న్యాయం గురించి రెండు డైలాగులు చెబుతాడు. విరిగిన చేత్తో సోఫాలో కూర్చుని ఆ సీన్లు చూస్తుంటే ఆవిడకి ఒక ఆలోచన పుట్టింది. మన మాట ఎవరు వింటారు? ఈయన మాటయితే అందరూ వింటారు. స్టేజీ మీద ఈయన రెండు ముక్కలు చెబితే చాలు, డాక్టర్లు కదులుతారు, సంఘం కదులుతుంది, కౌన్సిలూ కదులుతుంది.

ఫ్యాక్టరీలో గ్లాడిస్‌కి చెప్పింది.

"సినిమాల్లో వేషాలేసే మనిషా?" అంది గ్లాడిస్. "మీ ఊరి మేయరా?"

"మేయర్ని పుట్టించగలడు."

"ఓహో. మా వీధిలో దీపాలు లేవని గోల పెడుతున్నప్పుడు మేమూ ఒక పెద్ద గాయకుణ్ణి పిలిచాంలే. చర్చికి వచ్చాడు. న్యాయం గురించి మాట్లాడాడు. ఏం గొంతు తల్లీ, కరిగిపోయాను! ఆటోగ్రాఫ్ ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది."

"దీపాలు వచ్చాయా?"

"వచ్చాయి. ఆయన వెళ్ళిపోయాక, మేమే ప్రతి మీటింగుకీ వెళ్ళి కుర్చీలు నింపి కూర్చుంటే, మా మొహాలు చూడలేక వేశారు."

రాధారాణి నవ్వేసింది. ఆ మాట చెవిన పడింది కానీ మనసుకెక్కలేదు. మీ గాయకుడు వేరు, మా హీరో వేరు అనుకుంది.

హీరో గారి బస డాక్టరు గారింట్లోనే. ప్లెయిన్స్‌బరో దాటాక చెట్ల మధ్య పెద్ద ఇల్లు. వంటలు ఆడవాళ్ళకి పంచారు. మన సంఘాల పద్ధతి తెలిసిందేగా. ఎవరి వంటకం అతిథి మారు వేయించుకుంటే వాళ్ళు ఆయన పక్కన నిలబడి ఫోటో దిగొచ్చు. రొయ్యల వేపుడు ఒకరిది, ఉలవచారు ఒకరిది, బూరెలు ఒకరివి. రాధారాణిది గోంగూర పచ్చడి. అపార్ట్‌మెంట్ వెనకాల మట్టి తవ్వి విత్తనాలేసి పెంచుకున్న గోంగూర. ఒక చెయ్యి ఇంకా బిగుసుకుపోయే ఉంటే, రెండో చేత్తో రుబ్బింది.

భోజనాల బల్ల దగ్గర హీరో గారు తింటూ మాట్లాడుతున్నాడు, మాట్లాడుతూ తింటున్నాడు. అమెరికా క్షిపణులు ఎన్ని ఉండాలో చెప్పాడు. రిజర్వేషన్లు ఎందుకు తీసెయ్యాలో చెప్పాడు. కరువుకి కారణం జనంలో భక్తి తగ్గడమేనని చెప్పాడు. చుట్టూ గుండె డాక్టర్లు, సైంటిస్టులు, పెద్ద కంపెనీల ఇంజనీర్లు. ఇంకెవడైనా ఆ మాటే అంటే పకపకా నవ్వేవాళ్ళే. వాళ్ళందరూ తలలూపారు. "కరెక్ట్ సార్! అబ్బ, ఎంత క్లారిటీ సార్!" అన్నారు. ఒకాయన వీడియో కూడా తీశాడు.

"ఈ గోంగూర ఎవరిది?" అన్నాడు హీరో గారు, మూడోసారి వేయించుకుంటూ.

డాక్టరు గారి భార్య లీల, రాధారాణిని ముందుకి తోసింది. "ఈవిడదేనండీ. రా రాధా, ఫోటో దిగు."

"ఫోటో వద్దండీ," అంది రాధారాణి. "ఒక్క మాట. మా బస్టాపులో నన్ను... ఇదిగో ఈ చెయ్యి... పైట పట్టుకుని లాగితే విరిగిందండీ. మంగళవారం కౌన్సిల్ మీటింగ్ ఉంది. ఎవరూ రానంటున్నారు. రేపు మీరు స్టేజీ మీద రెండు ముక్కలు చెబితే మావాళ్ళు కదులుతారండీ."

హీరో గారు నెమ్మదిగా కళ్ళజోడు తీశాడు. ఆ తియ్యడం రాధారాణికి తెలుసు, ప్రతి సినిమాలోనూ ఉంది.

"చెల్లెమ్మా!" అన్నాడు. "నా చెల్లెలి పైట పట్టుకున్న చెయ్యి భూమ్మీద ఉండదు. రేపు చెబుతా. ఇది నా మాట."

అందరూ చప్పట్లు కొట్టారు. రాధారాణి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే లేచి చేసిన మొదటి పని, ఊళ్ళోని చిన్న ఇంగ్లీషు పేపరుకి ఫోన్ చెయ్యడం. చెయ్యి విరిగినప్పుడు కరెన్ అనే విలేఖరి వచ్చి నాలుగు లైన్లు రాసి వెళ్ళింది. "మా పెద్ద స్టార్ మాట్లాడతాడు, తప్పక రా" అని తనే స్వయంగా ఆమెని పిలిచింది.

శనివారం హైస్కూలు ఆడిటోరియం కిటకిటలాడింది. డాన్సులయ్యాయి, సన్మానమయింది, శాలువాల మీద శాలువాలు పడ్డాయి. హీరో గారు మైకు అందుకున్నాడు. దేశాన్ని ఎవరు ఏలాలో, ఎవరు ఏలకూడదో చాలాసేపు చెప్పాడు. త్వరలో తాను 'ప్రజల్లోకి' వస్తున్నానన్నాడు. మీలాంటి విద్యావంతుల అండ కావాలన్నాడు. ముందు వరసలో ఉన్న ఆ అండలన్నీ చప్పట్లు కొట్టాయి. ఆ అండలకి గొడవలంటే గిట్టదని ఆయనకి ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. చెప్పకపోయినా కనిపెట్టలేనంత అమాయకుడు కాడు.

"ఇక్కడొక చెల్లెమ్మ నాతో ఒక సంగతి చెప్పింది," అన్నాడు. పక్క ద్వారం దగ్గర నిలబడ్డ రాధారాణి ఒకడుగు ముందుకి వేసింది. "రోడ్డు మీద ఎవరో అల్లరి చేశారట. చూడండమ్మా, మనం వాళ్ళ దేశానికి వచ్చాం. అద్దెకున్నవాళ్ళం. అద్దెకున్నవాళ్ళు ఇంటివాళ్ళ మీద ఫిర్యాదులు చేస్తారా? ఆడవాళ్ళకి అన్నగా ఒక సలహా. చీర ఇంట్లో కట్టుకోండి, గుళ్ళో కట్టుకోండి. బస్టాపులో ఎందుకమ్మా? నా సినిమాలో అయితే కాపాడ్డానికి నేనొస్తాను. ఇక్కడ నేను రాను కదా!"

హాలు గొల్లుమంది. ఈలలు పడ్డాయి. వెయ్యి చేతులు చప్పట్లు కొట్టాయి. వాటిలో గాజుల చేతులే ఎక్కువ మోగాయి. కుర్చీలో ఉన్న జయంతి, క్యాసెట్ల షాపు ఆవిడ, వెనక్కి తిరిగి రాధారాణిని చూసి, "నీ గురించేనేమిటే?" అని నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్విన జయంతి కూడా చీరలోనే ఉంది.

జూలైలో ఒక వారం రాధారాణి చీర మానేసి కూడా చూసింది. హైస్కూల్లో చదివే కూతురి ప్యాంటు తొడుక్కుని, బొట్టు తుడిచేసుకుని నిలబడింది. ఆ వారం కూడా డబ్బా విసిరారు. ఆ మాట మొగుడికి కూడా చెప్పలేదు, సిగ్గేసి.

బయట కరెన్ నోట్సు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళింది. హీరో గారేమన్నారని అడిగింది. డాక్టరు గారు చక్కటి ఇంగ్లీషులో వివరించాడు. "మావాళ్ళిక్కడ చాలా హ్యాపీగా ఉన్నారు. చిన్నచిన్న సంఘటనలకి కారణం వేషధారణ. సర్దుకుపోవాలని ఆయన సందేశం. మా సంఘం అభిప్రాయమూ అదే."

కారు స్టార్టు చేస్తూ నరసింహ, "పోనీలే రాధా. పెద్దాయన. ఏదో సరదాకి అన్నాడు," అన్నాడు.

"సరదాకా?"

"సరదాకే కదా. ఆయనకేం తెలుసు ఇక్కడి సంగతి?"

"తెలీనప్పుడు నోరు మూసుకోవాలి కదండీ! గోంగూర మాత్రం మూడుసార్లు వేయించుకున్నాడు. ఆయన్ననుకుని ఏం లాభం? నేనే పోయి అడిగాను. పేపరావిణ్ణి నేనే పిలిచాను. ఆయన అన్నది ఒక ఎత్తు, మీరందరూ చప్పట్లు కొట్టింది ఒక ఎత్తు."

"నేను కొట్టలేదు."

"కొట్టారు. చూశాను."



సోమవారం పేపర్లో హీరో గారి ఫోటో వేశారు. 'మావాళ్ళకి ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు: భారతీయ సినీ తార' అని శీర్షిక. గ్లాడిస్ అది చదివింది, మడిచింది, మూతల డబ్బా కింద పెట్టింది. "నేను చెప్పలేదా" అనలేదు. "రేపు వస్తున్నావా లేదా?" అంది.

"వస్తాను."

మంగళవారం టౌన్‌షిప్ హాల్లో రాధారాణి విషయం వచ్చేసరికి, ఒక కౌన్సిల్ సభ్యుడు ఆ పేపరు పైకెత్తి చూపించాడు. శీర్షిక చదివాడు. సంఘం అధ్యక్షుడి మాటలూ చదివాడు. "మీ దేశంలో కోట్లమంది ఆరాధించే మనిషే ఏ ఇబ్బందీ లేదంటున్నాడు. మీ సంఘమూ అదే అంటోంది. మరి మేం పోలీసు కారుని ఎవరికోసం నిలబెట్టాలి, మ్యామ్?"

రాధారాణి లేచి నిలబడింది. ఆవిడ ఇంగ్లీషు ప్యాకింగ్ లైన్లో నేర్చుకున్నది. కాలాలు కలిసిపోతాయి, ముక్కలు ముక్కలుగా వస్తుంది. అయినా ఆ వేళ ఒక్క మాట కూడా తడబడలేదు.

"ఆయన యాక్టర్. ఆదివారం విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. మా బస్టాపు ఆయన చూడలేదు. నేను ఇవాళ కూడా అక్కడ నిలబడి వచ్చాను. రేపూ నిలబడతాను. ఈ ప్రశ్న మీరు నన్ను అడగాలి, ఆయన్ని కాదు. చీర కట్టాను, కొట్టారు. ప్యాంటు వేసుకున్నాను, అప్పుడూ కొట్టారు. సినిమాలో చెయ్యి విరగడం ఉత్తుత్తిది. నాది నిజంగా విరిగింది."

సభ్యుడు పేపరు కిందపెట్టాడు. ఆ తర్వాత అధ్యక్షస్థానంలో ఉన్న ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "మీతో ఎవరెవరు వచ్చారు?" అనడిగింది.

రాధారాణి వెనక్కి తిరిగి చూసింది. గ్లాడిస్, ఆమె చర్చివాళ్ళు ఇద్దరు. తలుపు దగ్గర, పని బట్టల్లోనే పరిగెత్తుకొచ్చిన నరసింహ. మిగతావన్నీ ఖాళీ కుర్చీలు. ఆ సాయంత్రం సంఘం పెద్దలు డాక్టరు గారింట్లో ప్రోగ్రాం వీడియో చూసుకుంటున్నారు. అదీ సంగతి! కోట్లమంది ఆరాధించే మనిషిని పిలవగలిగిన సంఘానికి, పది మైళ్ళ దూరంలో పది కుర్చీలు నింపడానికి మనుషులు దొరకలేదు.

ఓటు వాయిదా పడింది. "మీ కమ్యూనిటీకి ఇది నిజంగా కావాలని మాకు కనిపించాలి" అన్నారు.

సినిమావాళ్ళ అభిప్రాయాలకి విలువేముందిలే, పట్టించుకోకండి అని చాలామంది అంటారు. లేకేం? ఆ విలువ వల్లే ఓటు ఆగింది. బస్సెక్కని మనిషి, చెయ్యి విరగని మనిషి, ఊరు పేరు సరిగ్గా పలకలేని మనిషి మైకులో నవ్వుతూ అన్న నాలుగు మాటలు, చెయ్యి విరిగిన ఆడమనిషి మాటకన్నా బరువు తూగాయి. ఆ బరువు ఆయన తెచ్చుకున్నది కాదు. శాలువాలతో, ఈలలతో, ఫోటోల కోసం తోసుకుంటూ మనమే పెట్టి పంపించాం. తలుచుకుంటే నోరంతా చేదుగా ఉంటుంది. రేపు ఇంకో హీరో వస్తాడు, ఇంకో హీరోయిన్ వస్తుంది, మంచిమాటే చెబుతారు కూడా కావచ్చు. అప్పుడూ మనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతే, దానికీ దీనికీ తేడా ఏమీ లేదు.

రాధారాణి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. ఇంటింటికీ చేస్తోంది. సగంమంది "చూద్దాం రాధా" అంటున్నారు. కొందరు గోంగూర విత్తనాలు ఉన్నాయా అనడుగుతున్నారు. మీకూ ఆవిడ ఫోన్ రావచ్చు. రాకముందే మీరే బయల్దేరండి. వచ్చే నెల మొదటి మంగళవారం, సాయంత్రం ఏడింటికి, ఫెర్న్‌బ్రుక్ టౌన్‌షిప్ హాలు. పిస్కాటవే వాళ్ళూ, ప్లెయిన్స్‌బరో వాళ్ళూ, కారు లేనివాళ్ళని ఎక్కించుకుని రండి. ఉపన్యాసాలు అక్కర్లేదు. ఇంగ్లీషు బాగా రానక్కర్లేదు. చీరలో రండి, ప్యాంటులో రండి, ఆఫీసు బట్టల్లోనే రండి. పేరు పిలిచినప్పుడు లేచి, "ఈవిడ అడిగిందే మేమూ అడుగుతున్నాం" అని ఒక్క మాట అని కూర్చోండి. వాసుదేవరావు గారూ, మీరూ రండి. మీరు వచ్చి, పేపర్లో చెప్పిన మాట తప్పని ఆ హాల్లో మీ నోటితో మీరే చెప్పాలి.